కథ కంచికి వెళ్లేది పెళ్లి మీదుగానే అని తెలిసీ...

మొదటి అధ్యాయంలోనే ముగింపు తెలిసిపోయే నవలలు కొన్ని ఉన్నాయి. చదువుకున్న పేదింటి అమ్మాయి, ఎవరి దగ్గరా మాట పడదు. పొడుగ్గా, ముభావంగా ఉండే డబ్బున్నవాడు, మనసులో మాట పెదవి దాటనివ్వడు. తొలి పరిచయంలోనే మాటా మాటా పెరుగుతుంది. ఉద్యోగమో, వానో, జ్వరమో ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడుతుంది. ఏదో మొదలైందని వాళ్లిద్దరికీ తప్ప అందరికీ అర్థమవుతుంది. అంతలో ఒక ఉత్తరం చేరాల్సిన చోటికి చేరదు, లేదా ఒక మాట సగమే వినబడుతుంది. ఎడబాటు. చివరి నాలుగు పేజీల్లో కన్నీళ్లు, క్షమాపణ, పెళ్లి.

ఇంత తెలిసినా 1960, 70ల్లో రచయిత్రులు రాసిన ఆ ప్రేమ నవలల కోసం ఒక తరం తెలుగు ఆడవాళ్లు అద్దె లైబ్రరీల ముందు పడిగాపులు పడ్డారు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి బైండు చేయించుకున్నారు. ఆ బైండు పుస్తకాలు ఊళ్లు తిరిగి, అట్టలూడి, మొదటి పది పేజీలు లేకుండా తిరిగొచ్చేవి. అలా వచ్చినవాటినే మళ్లీ చదివేవాళ్లు.

ఎందుకు అనడిగితే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది విమర్శకులది: అది వంటింటి సాహిత్యం, పగటికలల సరుకు, ఆడపిల్లలకు లేనిపోని ఆశలు కల్పించి చెడగొట్టింది. రెండోది అభిమానులది: చదువు రాని ఇళ్లలో చదివే అలవాటు నేర్పింది, ఆత్మాభిమానం నేర్పింది, ఆ నవలలు లేకపోతే మా అమ్మ పుస్తకం పట్టేదే కాదు. రెండిట్లోనూ నిజం ఉంది. కానీ ఈ రెండు జవాబులూ ఆ నవల వల్ల ఏం జరిగిందో చెబుతాయి తప్ప, నవల లోపల ఏం జరుగుతోందో చూడవు. చదువుతున్న మనిషికి కలిగే సంతోషం ఎక్కడి నుంచి వస్తోంది? నా మటుకు ఆ సంతోషం చివర్లో వచ్చే పెళ్లిలో లేదు. పెళ్లి ఖాయమని తెలియడం వల్ల మధ్యలో కథానాయికకు దొరికే స్వేచ్ఛలో ఉంది.

ముందు కాలం సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన మధ్యతరగతి ఆడపిల్లలు హైస్కూళ్లు దాటి కాలేజీల్లోకి, టైపు ఇన్‌స్టిట్యూట్లలోకి అడుగు పెడుతున్న రోజులవి. 1955లో హిందూ వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాయి. కాగితం మీద చాలా మారింది, పెళ్లిచూపుల్లో ఏమీ మారలేదు. 1961 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 15 మంది దాకా మాత్రమే. ఆ కొద్దిమందికి మధ్యాహ్నం పూట కాస్త తీరిక, ఇంటికొచ్చే ఒక వారపత్రిక ఉన్నాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, జ్యోతి, యువ లాంటి పత్రికలు ఈ పాఠకురాలిని కనిపెట్టాయి. నవలల పోటీలు పెట్టాయి. ఆంధ్రప్రభ పోటీలో బహుమతి అందుకున్న కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో 'సెక్రటరీ' రాశారు. అక్కడి నుంచి పదిహేనేళ్ల పాటు తెలుగు పత్రికల అమ్మకాలను రచయిత్రులే మోశారు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు వాళ్లను బస్టాండు కొట్లదాకా తీసుకెళ్లాయి.

ఇప్పుడు కథానాయకుడి దగ్గరికి వద్దాం. అందరూ నవ్వేది అతణ్ణి చూసే. ఆరడుగుల ఎత్తు, పడవ లాంటి కారు, తెల్లటి బట్టలు, ఎప్పుడూ పని ఒత్తిడి, ఎప్పుడో ఒక చిరునవ్వు. ఇది ఆడవాళ్ల కోరికల చిట్టా అని విమర్శకులు తేల్చేశారు. దాన్నే భయాల చిట్టాగా చదివి చూడండి, వేరే సంగతులు బయటపడతాయి.

అతనికి అంత డబ్బెందుకు? ఆ కాలపు ఆడపిల్లకు పెళ్లి అనగానే ముందు గుర్తొచ్చేది తండ్రి తలకెత్తుకోబోయే అప్పు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1980ల నడుమ గానీ రాలేదు. అంతవరకూ కట్నమే ఆమె వాటా, అదే ఆమె మెడకు బండ. కట్నం ఊసే రాని పెళ్లి ఊహించాలంటే, కట్నం అక్కర్లేనంత ఉన్నవాడు కావాలి. ఆ కారు సుఖం కోసమే అనుకుంటాం గానీ, ముందు అది బేరసారాలను కథలోంచి తరిమేస్తుంది.

అతనికి తల్లిదండ్రులు ఉండరు, ఉన్నా ఒక మంచి తల్లో, ముసలి బామ్మో ఉంటుంది. తెలుగు నవలలో ఇంత పెద్ద ఆస్తికి ఇంత తక్కువ బంధువర్గం ఉండటం మీద ఎవరైనా పరిశోధన చేయొచ్చు. అయితే కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అత్తగారూ, ఆడబిడ్డలూ, తోడికోడళ్లూ అనే మొత్తం వ్యవస్థను ఒక్క కలంపోటుతో తీసేయడం అది. అతను తక్కువ మాట్లాడతాడు, అంటే కేకలు వేయడు. కోపం వస్తే మౌనంగా వెళ్లిపోతాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె ఏం చెప్పిందో గుర్తు పెట్టుకుంటాడు. ఇంట్లో ఎవరూ పూర్తిగా వినని మనిషికి ఆ చివరి గుణం ముందు కారు ఎంత?

ఇక రెండో ఎగతాళి అపార్థం మీద. 'రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే గొడవకు రెండు వందల పేజీలా?' అని. నిజమే, మాట్లాడుకుంటే తీరిపోతుంది. తీరిపోతే అరవయ్యో పేజీలో పెళ్లయిపోతుంది కూడా. అపార్థం చేసే పని వేరే ఉంది. అది కథానాయికకు వ్యవధి ఇస్తుంది. ఆమె కోపంతో ఆ ఇంట్లోంచి, ఒక్కోసారి ఆ ఊళ్లోంచి బయటికి నడుస్తుంది. వేరే చోట ఉద్యోగం వెతుక్కుంటుంది. అద్దెగది తీసుకుంటుంది. మొదటి జీతం అందుకుంటుంది. ఆ జీతంతో ఏం కొనాలో తనే నిర్ణయిస్తుంది. తనకేం ఇష్టమో, ఎవరితో మాట్లాడితే ఊపిరి ఆడుతుందో, ఒంటరితనం ఎంతవరకు భరించగలదో తెలుసుకుంటుంది. ఆ రోజుల్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల ఊరికే 'నేను కొన్నాళ్లు ఒంటరిగా బతికి చూస్తాను' అంటే ఇంట్లో ఎవరు ఊరుకుంటారు? ఆమెను ఇల్లు కదిలించడానికి నవలకు ఒక గాయం కావాలి. అభిమానం దెబ్బతింది అంటే మాత్రం అందరూ ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆడదాని అభిమానం మన సంప్రదాయం మెచ్చుకునే గుణమే. ఆ పాత గుణాన్ని అడ్డం పెట్టుకుని నవల ఒక కొత్త పని చేయించింది.

'సెక్రటరీ'లో జయంతిని చూడండి. బామ్మతో ఉండే పేద పిల్ల. ముందు వనితా విహార్‌లో ఉద్యోగం, ఆ తర్వాత రాజశేఖరం దగ్గర సెక్రటరీ. ఆమె మనసులో జరిగే పోరాటం అతన్ని ప్రేమిస్తున్నానా లేదా అన్నది మాత్రమే కాదు. జీతం తీసుకుంటున్న మనిషిగా తన గౌరవం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అతని దయను తీసుకుంటే తను ఏమవుతుంది అనేవి కూడా. డబ్బున్నవాడి ముందు పేదపిల్ల తల వంచకుండా నిలబడటానికి ఎన్ని రకాల కారణాలు వెతుక్కుంటుందో, వాటిలో కొన్ని ఎంత పిచ్చివో కూడా రచయిత్రికి తెలుసు. జయంతి మొండితనం నాకు చాలాచోట్ల విసుగు తెప్పిస్తుంది. కానీ ఆ విసుగు పుట్టించే హక్కు ఒక కథానాయికకు దొరకడం చిన్న విషయమేమీ కాదు. అంతకుముందు ఆమె ఓర్చుకోవడంలో మాత్రమే గొప్పది.

అలాగని పేదపిల్ల సూత్రం ఒక్కటే పట్టుకుని అన్ని నవలలూ నడవలేదు. అదే రచయిత్రి 'మీనా'లో లెక్క తిరగేశారు. అక్కడ డబ్బున్నది ఆమెకే. తల్లి కనుసన్నల్లో, ఏం కట్టుకోవాలో ఎలా నవ్వాలో కూడా తల్లే నిర్ణయించే ఇంట్లో పెరిగిన పట్నం పిల్ల పల్లెటూరికి వెళ్లి, తనకంటూ ఇష్టాయిష్టాలు ఉన్నాయని మొదటిసారి గమనిస్తుంది. ప్రేమ ఆ తర్వాతి సంగతి. 1973లో విజయనిర్మల తెలుగులో తొలిసారి దర్శకత్వం వహించిన సినిమా ఈ నవలదే. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు 'మీనా'తో దాని పోలికల మీద పెద్ద చర్చే నడిచింది. నలభై ఏళ్లు దాటినా ఆ కథ పాతబడలేదంటే కారణం, తల్లి ప్రేమ పేరుతో ఊపిరాడనివ్వని ఇళ్లు ఇంకా ఉండటమే.

ముగింపు తెలిసి చదవడం అనే విషయాన్ని మనవాళ్లు ఎందుకు తప్పుపడతారో నాకు అర్థం కాదు. సీతా కల్యాణం హరికథకు వెళ్లినవాళ్లెవరూ విల్లు విరుగుతుందా లేదా అన్న ఉత్కంఠతో వెళ్లలేదు. దాసుగారు ఈసారి ఎలా విరిపిస్తారో చూడ్డానికి వెళ్లారు. ఈ నవలల్లోనూ పెళ్లి ఖాయం. ఆ భరోసా ఉంది కాబట్టే పాఠకురాలు కథానాయిక చేత ధైర్యంగా తప్పులు చేయించుకుంటుంది, పెద్దవాళ్లకు ఎదురు చెప్పించుకుంటుంది, అర్ధరాత్రి రైలెక్కించుకుంటుంది. ఏమైనా ఆమె క్షేమంగా ఇల్లు చేరుతుంది. ఆ పుస్తకం అమ్మ చేతికి చిక్కినా భయం లేదు, ఎందుకంటే చివర్లో మంగళసూత్రం ఉంది. ఒక రకంగా చూస్తే ఆ మంగళసూత్రం, నవలను ఇంట్లోకి రానిచ్చిన అనుమతి పత్రం.

1984లో జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు 'రీడింగ్ ది రొమాన్స్' పేరుతో ఒక పుస్తకం ప్రచురించింది. ఈ రకం నవలలను విశ్లేషించడం అప్పటికే చాలామంది చేశారు. ఆమె నేరుగా వెళ్లి వాటిని చదివే గృహిణులను అడిగింది. చదివేటప్పుడు మీకేం దొరుకుతుంది అంటే, చాలామంది కథ గురించి కంటే ముందు సమయం గురించి మాట్లాడారు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు భర్తా పిల్లలూ జోలికి రారు, రోజంతటిలో అది ఒక్కటే తమ సొంత సమయం అన్నారు. అమెరికా గృహిణికీ బందరు గృహిణికీ బోలెడు తేడా ఉండొచ్చు గానీ, మధ్యాహ్నం రెండింటికి గిన్నెలు తోముకుని, గదిలో ఫ్యాన్ కింద బోర్లా పడుకుని నవల తెరిచిన మనిషి ఎవరికీ అందుబాటులో లేనట్టే. విమర్శకులు పుస్తకంలో ఏముందో చూశారు. తలుపు ఓరగా వేసి ఉండటాన్ని చూడలేదు.

ఆడవాళ్లు రాసింది తేలిక అనే మాట మన దగ్గర పుట్టింది కాదు. తర్వాత జార్జ్ ఎలియట్ పేరుతో ప్రసిద్ధురాలైన మేరియన్ ఎవాన్స్ 1856లో రచయిత్రుల తెలివితక్కువ నవలల మీద ఒక పదునైన వ్యాసం రాసింది. అందంలోనూ చదువులోనూ భక్తిలోనూ లోపమే లేని కథానాయికలను చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఆ ఫిర్యాదు మన నవలల మీద కూడా కొంత నిలుస్తుంది. తమాషా ఏమిటంటే, అక్కడ రచనను గౌరవంగా చూస్తారని ఒక స్త్రీ మగపేరు పెట్టుకుంది. ఇక్కడ ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' శీర్షికను పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' పేరుతో రాశారు. మన పత్రికల్లో ఆడపేరుకు ఎంత గిరాకీ ఉండేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంతవరకూ వెనకేసుకొచ్చాను కాబట్టి నచ్చని వాటి గురించీ చెప్పాలి. తనను తాను తెలుసుకునే ఈ ప్రయాణం ఎవరికి దొరికింది? చదువు ఉన్న, ఇంటిపేరుకు కొంత పరువు ఉన్న ఆడపిల్లకే. ఆమె మనసు బాగా లేక గదిలో పడుకున్నప్పుడు కాఫీ తెచ్చిపెట్టే పనిమనిషికి పేరు ఉంటుంది, యజమానురాలి మీద ప్రేమ ఉంటుంది, కథ ఉండదు. ఆమెకూ అభిమానం ఉండొచ్చని, ఆమె కూడా ఒకరోజు కోపంతో ఇల్లు వదిలి వెళ్లొచ్చని ఆ నవలలకు తట్టలేదు. కులం మాట వినబడనే వినబడదు. వినబడకపోవడం చేత లేనట్టు ఉంటుంది, ఉన్నది ఒకటే కులం అయినట్టు కూడా ఉంటుంది.

ఇంకోటి, కథానాయకుడి చెయ్యి. ఆమె మంచి కోరి అతను కసురుతాడు, జబ్బ పట్టి లాగుతాడు, కొన్ని కథల్లో చెంప మీద కొడతాడు, ఆమె దాన్ని ప్రేమగా లెక్కేసుకుంటుంది. ఆ కాలం అంతే అని సర్దుకుపోవడం నాకు చేతకాదు. భయాల చిట్టాలోంచి కట్నాన్ని, అత్తగారిని చెరిపేసిన రచయిత్రులు ఈ ఒక్క భయాన్ని మాత్రం చెరపకపోగా దానికి అత్తరు పూశారు. ఇవాళ ఫోన్లో వచ్చే సీరియల్ కథల్లో కూడా అదే కనబడుతుంది. 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల మీద తెలుగులో రాసేవాళ్లలో, చదివేవాళ్లలో ఆడవాళ్లు బోలెడు మంది. కారు స్థానంలో కంపెనీ వచ్చింది, జమీందారు కొడుకు సీఈవో అయ్యాడు, ఒప్పంద వివాహం కొత్త అపార్థం అయింది. ఆ చెయ్యి మాత్రం చాలా కథల్లో ఉన్నచోటే ఉంది.

సినిమాలు ఈ నవలలకు పేరు తెచ్చాయి, మేలు చేశాయా అంటే సందేహమే. 'ప్రేమనగర్' 1971లో, 'విచిత్రబంధం' 1972లో, 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో వచ్చాయి. నవలలో కథ కథానాయిక తలలో జరుగుతుంది. తెరమీదికి రాగానే ఆ తల కనబడదు, వాణిశ్రీ జడా చీరా కనబడతాయి, కథ మెల్లిగా హీరో వైపు ఒరుగుతుంది. 'ప్రేమనగర్' పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది కల్యాణ్ సీసా పట్టుకుని పడిన బాధ. ఎయిర్ హోస్టెస్ పనిచేసి, ఆ తర్వాత అతని సెక్రటరీగా చేరిన లత తన ఉద్యోగాన్ని, పరువును ఎలా కాపాడుకుందన్నది వెనక్కి పోయింది. ఈ నవలలను సినిమాల ద్వారానే ఎరిగినవాళ్లు వాటిని మగవాడి త్యాగం కథలు అనుకోవడంలో వింత లేదు.

కొత్తగా చదవాలనుకునేవాళ్లు అడిగితే నేను 'సెక్రటరీ' ముందు ఇస్తాను, వెనకే డాక్టర్ పి.శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' పెడతాను. 1957-58ల్లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవల ఈ బాణీకి ముందుది, దీనికంటే చాలా ముందుకు వెళ్లిపోయింది కూడా. విశాఖపట్నం, ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర, ఆమెను ఇష్టపడుతూనే నిలబడలేని పిరికి ప్రకాశం. ఇందిరకు ఎవరి మీదా భ్రమ లేదు, తన మీద కూడా. ఆమె మంచిదా చెడ్డదా అని పాఠకులు ఇంకా కొట్టుకుంటున్నారు. జయంతి పక్కన ఇందిరను పెట్టి చదివితే, 1960ల నవల పాఠకురాలి కోసం దేన్ని మెత్తబరిచిందో స్పష్టంగా తెలుస్తుంది. రాసిన మనిషి 1961లోనే చిన్న వయసులో పోయారు. ఇంకో నాలుగు రాసి ఉంటే ఈ దారే వేరుగా ఉండేదేమో.

మనసారా నవ్వుకోవాలంటే రంగనాయకమ్మ 'స్వీట్ హోం'. పెళ్లి తర్వాత ఏమవుతుంది అన్న ప్రశ్నను విమల, బుచ్చిబాబుల ఇంట్లో పెట్టి ఆడించారు. ప్రేమకథలన్నీ ఆగిపోయే చోట ఇది మొదలవుతుంది, తేలిక నవలకు తెలివి ఉండదనే వాదన దీని ముందు నిలవదు. ఆ దారి చివర్లో 1987 నాటి ఓల్గా 'స్వేచ్ఛ' ఉంది. అందులో అరుణ ప్రేమించే పెళ్లి చేసుకుంటుంది, ఆ ఇంట్లో తను వెతుకుతున్నది లేదని గ్రహిస్తుంది. అది తేలిక నవల కాదు. కానీ పదేళ్ల పాటు జయంతులనూ మీనాలనూ చదివిన పాఠకురాలు లేకపోతే అరుణను అర్థం చేసుకునే పాఠకురాలు అంత మంది ఉండేవాళ్లు కారని నా నమ్మకం. దీన్ని లెక్కలతో రుజువు చేయలేను.

ఈ బాణీలో నాకు తగినన్ని దొరకనిది ఒకటుంది. ఇరవై రెండేళ్ల అమ్మాయి తనను తాను తెలుసుకున్న కథలు కావలసినన్ని ఉన్నాయి. పిల్లలు హైదరాబాదుకో డల్లాస్‌కో వెళ్లిపోయాక, యాభై దాటిన మనిషి మొదటిసారి తన కోసం ఒక టికెట్ కొనుక్కుని, దారిలో ఎవరో ఒకాయనతో కాఫీ దగ్గర పోట్లాడి, ఆ పోట్లాట గురించి రెండు రోజులు ఆలోచించే నవల కావాలి. ఆయనకు కారు లేకపోయినా పరవాలేదు.